తలుపుకి కుడివైపున్న సగం వాక్యం

మా ఊరి చర్చి ముందు గోడ మీద నీలం రంగుతో రాసిన ఒక వాక్యం ఉండేది. యోహాను సువార్త 14వ అధ్యాయం, 6వ వచనం. "నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు." రాసిన పెయింటరు ఒంగోలు నుంచి వచ్చినవాడు. ఎరువుల కొట్లకీ సినిమా హాళ్లకీ బోర్డులు రాసి చెయ్యి తిరిగినవాడే గానీ, ఆ రోజు ఎందుకో కొలత వేసుకోకుండా మొదలుపెట్టాడు. మధ్యలో తలుపు వచ్చింది. దాంతో "నా ద్వారానే తప్ప" వరకు తలుపుకి ఎడమవైపు, "యెవడును తండ్రియొద్దకు రాడు" అన్నది కుడివైపు పడ్డాయి. ఎడమవైపు పెద్ద వేపచెట్టు ఉంది. రోడ్డు మీంచి పోయేవాళ్లకి ఆ సగం కొమ్మల వెనక్కి పోతుంది. కనిపించేది కుడివైపు సగమే.

మా తెలుగు మాస్టారు రోజూ సైకిల్ మీద ఆ రోడ్డునే బడికి వచ్చేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు క్లాసులో నన్ను లేపి, "ఏరా, ఎవడూ రాడని అంతంత అక్షరాలతో రాసుకున్నారు, మరి ఆదివారం మీరంతా లోపల కూర్చుని ఏం చేస్తున్నట్టు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఏం చెప్పాలో తెలియక నేనూ నవ్వాను.

మొన్న క్రిస్మస్ అయ్యాక మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఆ వచనమే వచ్చింది. డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఒక ప్రసంగం వీడియో పెట్టాడు. ప్రసంగీకుడు ఆ వచనం చదివి, మన పక్కింటివాళ్లంతా ఎక్కడికి పోబోతున్నారో అడ్రసు చెప్పినంత తేలిగ్గా చెప్పేశాడు. గొంతులో ఎక్కడా బాధ లేదు. నాకు ముందు తట్టింది అదే. హిందువుల అబ్బాయిని చేసుకున్న మా పిన్ని కూతురు ఒక్క మాట కూడా అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఇద్దరు అన్నయ్యలు "వాక్యం వాక్యమే" అన్నారు. మేనత్త "అన్ని మతాలూ మంచివే కదరా, ఎందుకీ గొడవ" అని దండం బొమ్మ పెట్టింది. నేను టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను, మళ్లీ చెరిపేశాను. అక్కడ పెట్టలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. ఆ వచనాన్ని నేను నమ్ముతాను. "అంటే ఆయన ఉద్దేశం అది కాదు" అని నీళ్లు కలిపి పలచన చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. యేసు దేవుడి దగ్గరకి చేర్చే దారి అన్నది మా విశ్వాసంలో ఒక మూలన ఉండే సంగతి కాదు, అది తీసేస్తే ఇక మిగిలేది క్రిస్మస్ కేకు. అయితే ఆ వీడియో పెట్టిన తమ్ముడితో నాకు అంతకన్నా పెద్ద పేచీ. "వేరే దారి లేదు" అన్న మాటని వాడు పక్కింటివాళ్ల మీదికి విసిరాడు. ఆ మాట మొదట తగిలింది పక్కింటివాళ్లకి కాదు, దాన్ని అన్న యేసుకే.

ఎక్కడ అన్నాడో చూడండి. బహిరంగ సభలో కాదు, వేరే మతం వాళ్లతో వాదనలో కాదు. యెరూషలేములో ఒక ఇంట్లో, రాత్రి భోజనం దగ్గర. అప్పటికే ఆయన నడుముకి తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. యూదా లేచి చీకట్లోకి వెళ్లిపోయాడు. కోడి కూయకముందే నన్నెరగనని మూడుసార్లు అంటావని పేతురు మొహం మీదే చెప్పాడు. నేను వెళ్లే చోటికి మీరిప్పుడు రాలేరని కూడా అన్నాడు. ఇల్లూ వాకిలీ వలలూ పడవలూ వదిలేసి వెంట వచ్చినవాళ్లు వాళ్లంతా. అన్నం ముద్ద గొంతు దిగి ఉండదు. "మీ హృదయమును కలవరపడనియ్యకుడి" అని 14వ అధ్యాయం మొదలవుతుంది. మన మాటల్లో, టెన్షన్ పడకండర్రా అని. నేను వెళ్లే చోటికి దారి మీకు తెలుసు అన్నాడు. తోమా మొహమాటం లేని మనిషి. నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో కూడా తెలియదు, ఇక దారేం తెలుస్తుందని అడిగేశాడు. (సంప్రదాయం చెప్పేదాన్నిబట్టి, తర్వాత మన దేశానికి వచ్చి మద్రాసు పక్క పరంగిమలై మీద ప్రాణం వదిలింది ఈ తోమానే.) ఆ ప్రశ్నకి జవాబే మా గోడ మీది వాక్యం.

చిన్నప్పుడు కరెంటు లేని రాత్రుళ్లు తాతయ్యతో పొలం నుంచి కాలవ గట్టు మీద ఇంటికి వచ్చేవాణ్ని. ఒకవైపు నీళ్లు, ఒకవైపు తుమ్మ ముళ్లు. తాతయ్య నాకు దారి గుర్తులు చెప్పేవాడు కాదు. "నా చొక్కా పట్టుకో. వదిలావంటే కాలవలో ఉంటావ్" అనేవాడు. చొక్కా చెమట వాసన, చుట్ట వాసన. దారి నాకు తెలియాల్సిన పని లేదు, చొక్కా వదలకపోతే చాలు. ఆ "వదిలావంటే కాలవలో ఉంటావ్" అన్న మాట తీసుకెళ్లి అవతలి గట్టు మీద నడిచేవాళ్లకి తీర్పుగా చదివితే ఎలా ఉంటుంది? తాతయ్య అబద్ధమాడలేదు. కానీ ఆయన మాట్లాడుతున్నది నాతో.

అలాగని "యెవడును" అన్న మాటని మింగేయలేను. గదిలో ఉన్న పదకొండు మంది గురించే అయితే "మీలో యెవడును" అనొచ్చు. అనలేదు. అందుకని అదే రాత్రి ఇంకొంచెం ముందుకి వెళ్లాలి.

భోజనం అయ్యాక ఒలీవ చెట్ల తోటకి వెళ్లారు. అక్కడ ఆయన నేల మీద సాగిలపడి చేసిన ప్రార్థన మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము." అంటే ఏమిటి? ఇది కాక ఇంకో దారి ఉందా అని తండ్రిని అడుగుతున్నాడు. మత్తయి లెక్కలో మూడుసార్లు వెళ్లి అదే అడిగాడు. ఆకాశం నుంచి జవాబు రాలేదు. వచ్చింది కత్తులూ కర్రలూ పట్టుకున్న గుంపు.

నాకు ఆ రెండు వాక్యాలూ కలిపి చదవకుండా ఉండడం చేతకాదు. భోజనం దగ్గర "నా ద్వారానే తప్ప" అన్నవాడు, కొన్ని గంటల తర్వాత "వేరేగా సాధ్యమైతే" అని బతిమాలుకున్నాడు. సాధ్యం కాలేదు. ఒకే దారి అన్నది ఆయనకి గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, తప్పించుకోలేకపోయిన సంగతి. దాని ఖర్చు ఆయన పెట్టాడు. మా తమ్ముడు పెట్టిన వీడియోలో ఆ ప్రసంగీకుడికి రూపాయి ఖర్చు లేదు. గొంతులో బాధ లేకపోవడం అంటే నేనన్నది అదే.

మాస్టారు రిటైరయ్యాక కూడా నేను ఊరికి వెళ్లినప్పుడల్లా వాళ్ల అరుగు మీద కూర్చునేవాణ్ని. ఆయన మా బైబిల్ని తెలుగు కోసం చదివేవారు. గ్రాంథికం అక్కడక్కడ కుంటుతుందని తిట్టేవారు కూడా. ఒకసారి ఆ గోడ సంగతి ఎత్తాను. "ఒరే, ద్వారా అంటే ఏమిటనుకున్నావు?" అన్నారు. "ద్వారం లోంచి పుట్టిన మాటే. తలుపు గుండా అని. మీ పెయింటరు తప్పేమీ చెయ్యలేదు. నా ద్వారానే తప్ప అని రాసి, తలుపు పెట్టాల్సిన చోటే పెట్టాడు."

అన్నేళ్లు ఆ తలుపు లోంచి వెళ్లి వచ్చినవాణ్ని, నాకు తట్టలేదు. అదే సువార్త 10వ అధ్యాయంలో "నేనే ద్వారమును" అని కూడా ఉంది. అది చదివినప్పుడూ తట్టలేదు.

మార్గం అన్న మాటకి మూలార్థం వెతకడమేనని చెప్పిందీ మాస్టారే. మృగానికీ మార్గానికీ చుట్టరికం ఉందట, జాడ వెతుక్కుంటూ పోవడం. కానీ మన చెవికి మార్గం అనగానే పద్ధతి అని వినిపిస్తుంది. భక్తి మార్గం, జ్ఞాన మార్గం, కర్మ మార్గం. ఎవరికి నప్పింది వాళ్లు పట్టుకోవచ్చు. అలాంటి చెవితో "నేనే మార్గమును" వింటే, ఉన్న నాలుగు పద్ధతుల్లో మాదొక్కటే సరైనదని ఎవరో కొట్టుపెట్టినట్టు ఉంటుంది. గ్రీకులో అక్కడున్న మాట హొదోస్. పద్ధతి అన్న అర్థం కూడా ఉంది గానీ, అది ముందు మనుషులు కాళ్లతో నడిచే రోడ్డు. మార్కు సువార్తలో గుడ్డి బర్తిమయి కూర్చుని అడుక్కుంటున్నది ఈ హొదోస్ పక్కనే, చూపు వచ్చాక యేసు వెంట నడిచింది ఈ హొదోస్ మీదే. అక్కడ మన తెలుగు బైబిల్ చక్కగా "త్రోవ" అంది. యోహానులోనూ "నేనే త్రోవను" అని ఉంటే మన వాదనలు సగం పుట్టేవి కావేమో. అపొస్తలుల కార్యాల్లో తొలినాటి విశ్వాసులకి ఉన్న పేరు కూడా "ఈ మార్గమందున్నవారు" అనే. ఒక అభిప్రాయానికి సంతకం పెట్టినవాళ్లు కాదు, ఒక దారిన పడినవాళ్లు.

మాస్టారు ఇక్కడితో ఊరుకునే మనిషి కాదు. ఆయన సంధ్యావందనం చేసే మనిషి. "ఆకాశాత్ పతితం తోయం యథా గచ్ఛతి సాగరం, సర్వదేవ నమస్కారః కేశవం ప్రతి గచ్ఛతి" అని చదివి, "ఎక్కడ కురిసిన వానైనా సముద్రానికే పోతుంది. ఎవరికి దండం పెట్టినా చేరేది ఒకచోటికే. ఇంత విశాలంగా మీవాళ్లు ఎందుకు చెప్పలేకపోయారురా?" అన్నారు.

నేను అప్పటికి కాస్త పెద్దవాణ్ని అయ్యాను కాబట్టి ధైర్యం చేశాను. "మాస్టారూ, ఆ శ్లోకంలో కూడా చివరికి చేరేది కేశవుడి దగ్గరకే కదండీ. యేసుకి దండం పెట్టినా కేశవుడికే చేరుతుందని మీరంటున్నారు. ఎవడు తండ్రి దగ్గరకి చేరినా యేసు ద్వారానే చేరతాడని మేమంటున్నాం. విశాలం అనిపించేది మీది, ఇరుకు అనిపించేది మాది. కానీ ఇద్దరం ఒక పేరు దగ్గరే ఆగాం." గీతలో తొమ్మిదో అధ్యాయం, 23వ శ్లోకం కూడా గుర్తుచేశాను. ఇతర దేవతలని శ్రద్ధతో కొలిచేవాళ్లు కూడా, విధి తప్పినా, నన్నే కొలుస్తున్నారని కృష్ణుడు అంటాడు.

ఆయన కాసేపు విసనకర్ర ఊపుకుని, "అయితే అన్ని దారులూ ఒకటే అనేవాడు మీవాడూ కాదు, మావాడూ కాదన్నమాట" అన్నారు. మా మేనత్త దండం బొమ్మ చూసినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అన్నీ ఒకటే అనడం మర్యాదగా వినిపిస్తుంది. నిజానికి ఎవరి మాటా సరిగ్గా వినకపోతేనే అది అనగలం.

సరే, ఆయన ద్వారానే అనుకుందాం. ద్వారా అంటే ఆయన పేరు తెలిసి ఉండాలనా? ఇక్కడ నాకు అబ్రాహాము అడ్డం వస్తాడు. అబ్రాహాము యేసు పేరు వినలేదు, మోషే వినలేదు, వాక్యంలో ఆ రోజుకి బాప్తిస్మం ఊసే లేదు. అయినా హెబ్రీయులకి రాసిన పత్రిక 11వ అధ్యాయం వాళ్లని విశ్వాసుల వరసలో నిలబెట్టింది. వాళ్లు కూడా యేసు ద్వారానే చేరారని ఏ చర్చిలో అడిగినా చెబుతారు. అంటే తనని ఎవరు మోస్తున్నారో తెలియకుండా కూడా మోయబడవచ్చు అన్నమాట. "అబ్రాహాము నా దినము చూతునని మిగుల ఆనందించెను" అని యేసే అన్నాడు కదా, కాబట్టి అబ్రాహాముకి తెలుసు అని మా అన్నయ్య వాదిస్తాడు. వాదించనీ. ఎంత తెలిస్తే తెలిసినట్టు? ఆ కొలత ఎవరి దగ్గరుంది? "నా ద్వారానే" అన్న మాట చేర్చేవాడెవరో చెప్పింది. ఎవరెవరిని చేర్చాడో ఆ లిస్టు నా చేతికి ఇవ్వలేదు.

"సంఘానికి బయట రక్షణ లేదు" అన్న మాట కూడా ఇలాగే దారి తప్పింది. మూడో శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఆ మాట అన్నది పక్కింటి అన్యమతస్థుల గురించి కాదు, సంఘాన్ని చీల్చుకుని వేరు కుంపటి పెట్టిన క్రైస్తవుల గురించి. తర్వాత వందల ఏళ్లు దాన్ని ఊళ్లోవాళ్లందరి మీదా వాడారు. తమ తప్పు లేకుండా క్రీస్తుని ఎరగనివాళ్లు, దేవుణ్ని నిజాయితీగా వెతికితే, వాళ్లకీ రక్షణ అందవచ్చని రోమన్ కాథలిక్కులు రెండో వాటికన్ మహాసభలో, 1964లో స్పష్టంగా రాసుకున్నారు. మేం బాప్టిస్టులం. పోపుగారి సభని ఉదహరించానని తెలిస్తే మా తాతయ్య సమాధిలో అటు నుంచి ఇటు తిరుగుతాడు.

తాతయ్య పుట్టిన ఇల్లు గుండ్లకమ్మ ఏటికి దగ్గర. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏట్లో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. మా తాతయ్య తాత వాళ్లలో ఒకడని ఇంట్లో చెబుతారు. రుజువేమీ లేదు. ఒంగోలు చుట్టుపక్కల ఏ బాప్టిస్టు ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు, లెక్కేస్తే ఇరవై వేలు దాటుతారు.

దానికి ముందు 1876 నుంచి ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లని మాత్రం కరువు నడిచినన్నాళ్లూ ఆపాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అయినా ఆ మాట ఇప్పటికీ వస్తూనే ఉంది, అది వేరే కథ. నాకు కావాల్సింది, ఆ ఏట్లో దిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకి మొదట దారి చూపినవాడు తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు ఏళ్ల తరబడి గురువుల దగ్గర యోగం సాధన చేసిన మనిషి. వెతికినవాడు అన్నమాట, మాస్టారు చెప్పిన అర్థంలో.

వాళ్ల చెవికి "దారి" ఎలా వినిపించి ఉంటుంది? మనకి అది వేదాంతం. వాళ్లకి ఊళ్లో నడవనివ్వని వీధులు ఉండేవి. గుడి ముందు నుంచి పోకూడదు, బావి దగ్గరకి పోకూడదు. దేవుడి దగ్గరకి పోయే దారి అనేది వాళ్లకి కళ్లెదుట కనిపించే మట్టి రోడ్డు, మూసేసి ఉంది. అలాంటివాళ్లకి ఒకడొచ్చి, దారి ఎవడి వీధిలోంచీ పోదు, దారి ఒక మనిషి, ఊరి బయట చంపబడ్డ మనిషి అని చెప్పాడు. "నా ద్వారానే తప్ప" అన్నది వాళ్లకి తలుపు మూయడంలా వినిపించలేదు. తక్కిన కాపలాదారులందరి ఉద్యోగాలూ పోయాయని వినిపించింది. ఇక ఎవడి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ మా గురించి కూడా ఒక మాట రాయకపోతే అబద్ధమవుతుంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "దేవుణ్ని ఎరిగిన కుటుంబమేనా" అని మొదలుపెట్టి, రెండో నిమిషంలో "మీది ఏ మిషన్ అండి" అంటారు. లూథరన్ అంటే ఒకటి, బాప్టిస్ట్ అంటే ఇంకొకటి. అడుగుతున్నది మిషన్ కాదు, కులమని ఇద్దరికీ తెలుసు. ఒక పెద్దమనిషి, నలభై ఏళ్లుగా సంఘంలో బల్ల దగ్గర రొట్టె విరిచినవాడు, మా జవాబు విని ఫోన్ పెట్టేశాడు. పక్కింటివాళ్లకి ఒకే దారి అని చెప్పేవాళ్లం మేమే, ఆ దారి మీద మాకు మాత్రం నాలుగు లైన్లు, మధ్యలో డివైడర్లు.

తోమా తర్వాత ఆ రాత్రి ఇంకొకడు నోరు విప్పాడు, ఫిలిప్పు. తండ్రిని మాకు చూపించు, అది చాలు అన్నాడు. "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అన్నది జవాబు. గోడల మీద ఇది ఎవరూ రాయించరు గానీ, నన్నడిగితే ఆరో వచనానికి తాళంచెవి ఇదే. మామూలుగా ఊరు చేరాక రోడ్డుతో పని లేదు. ఇక్కడ అలా కాదు. దారి ఎలాంటిదో చేరే చోటూ అలాంటిదే. కాళ్లు కడిగినవాడి గుండా వెళ్తే చేరేది కాళ్లు కడిగే దేవుడి దగ్గరకే. వేలు చూపించి నవ్వే దేవుడి దగ్గరకి పోవాలంటే నిజంగానే వేరే దారి చూసుకోవాలి.

మాస్టారికి ఎనభై దాటాక ఒక సాయంత్రం సూటిగానే అడిగారు. "ఒరే, మీ లెక్క ప్రకారం నేను ఎక్కడికి పోతాను? మొహమాటపడకుండా చెప్పు."

"నాకు తెలీదండి మాస్టారూ" అన్నాను. "ఎక్కడికి పోయినా అక్కడ మిమ్మల్ని చూసేవాడు తువ్వాలు కట్టుకుని కాళ్లు కడిగినవాడే అని మాత్రం నమ్ముతాను."

"నా కాళ్లు ఆయన్ని ఎందుకు కడగనిస్తానురా?"

"పేతురు కూడా అదే అన్నాడండి."

ఆయన పడీ పడీ నవ్వి, ఆ అధ్యాయం ఒకసారి చదవమన్నారు. చదివాను. రెండుచోట్ల ఉచ్చారణ దిద్దారు.

రెండేళ్ల క్రితం చర్చికి సున్నం వేయించారు. పాత అక్షరాలు పోయాయి. మళ్లీ రాయించే పని నాకు అప్పగించారు. 14వ అధ్యాయం మొదటి వచనం నుంచి ఆరో వచనం దాకా రాయిద్దామన్నాను, పెయింటరు అక్షరానికి ఇంత అని లెక్క చెప్పేసరికి కమిటీ వద్దంది. పాత వాక్యమే ఖాయమైంది. ఈసారి తలుపు మీద, ఒక్క వరసలో, తెగకుండా రావాలని పట్టుబట్టాను. "అంత పొడుగు ఒక్క లైన్లో పట్టాలంటే అక్షరం చిన్నది చెయ్యాలండి" అన్నాడు. చెయ్యమన్నాను. ఇప్పుడు అది చదవాలంటే గేటు దాటి మెట్ల దాకా రావాలి. రోడ్డు మీంచి ఒక్క ముక్కా కనిపించడం లేదని సంఘ పెద్దలకి నా మీద ఇంకా కోపంగానే ఉంది.